మంగళవారం తడిసిన తల

సైదమ్మ నోటికి ఊరు జడిసేది. సైదమ్మ మాత్రం ఒక ఇత్తడి చెంబుకు జడిసేది.

ఆ చెంబును నీళ్ల గాబులో ముంచే దాకా ఆమె చెయ్యి మాట వినేది. ఎత్తి ఒంటి మీద పోసుకుందామంటే మాత్రం మోచెయ్యి రొమ్ము దాకా వచ్చి అక్కడే మొండికేసేది. రామన్నపేట చుట్టుపక్కల బావుల నీళ్లు తాగి పెరిగిన వాళ్లకు ఇలాంటి గుర్తు ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. కొందరికి పళ్లు గారపట్టాయి, కొందరికి నడుం వంగింది. సైదమ్మకు భుజాలు రెండూ బిగుసుకుపోయాయి. నల్లగొండ దవాఖానలో డాక్టరు ఫ్లోరైడు అన్నాడు. "ఏదైతేంది, తాగినప్పుడు తియ్యగనే ఉండె" అని ఆమె ఆ సంగతిని అక్కడితో వదిలేసింది.

వదలలేనిది స్నానం ఒక్కటే. భుజాలు పట్టేసినప్పటి నుంచి కోడలు లీలమ్మే నీళ్లు పోస్తోంది. లీలమ్మ మంచిది. చిక్కంతా అక్కడే వచ్చింది. గయ్యాళి కోడలైతే తిట్టుకుంటూ పోయించుకోవచ్చు, లెక్క సరిపోతుంది. పొయ్యి మీద కూర మాడుతున్నా, తనకు జ్వరం కాస్తున్నా కుచ్చిళ్లు ఎగదోపుకుని చెంబు పట్టుకుని నిలబడే మనిషిని ఏమని తిడతారు? కాగులోని వేడినీళ్లు, గాబులోని చన్నీళ్లు బకెట్లో కలిపి, వేలు ముంచి చూసి, మొదటి చెంబు పోసే ముందు లీలమ్మ రోజూ ఒకటే మాట అడిగేది.

"వేడి సరిపోయిందా అత్తా?"

"ఊఁ" అనేది సైదమ్మ, కళ్లు మూసుకుని. ఎక్కువైనా ఊఁ, తక్కువైనా ఊఁ. పోసేవాళ్లకు వంకలు పెట్టకూడదని ఆమె నియమం. ఒంట్లో సత్తువ ఉన్న రోజుల్లో గొర్రెల మంద వెంట తిరుగుతూ, ఎవరి చేనుచెలకలో బోరు పారుతుంటే ఆ పైపు కింద వీపు పెట్టి కూర్చున్న మనిషి ఆమె. ఎవరి పుణ్యం లేకుండా, ఎవరినీ నిలబెట్టకుండా, ఒళ్లు చల్లబడేదాకా కూర్చునేది. ఇప్పుడు తన ఒంటి మురికి పోవాలంటే ఇంకొకరు పని మానుకుని రావాలి. ఆమెకు సిగ్గుగా ఉండేది. స్వర్గం గీర్గం ఆమె అడగలేదు. చచ్చేలోగా తన నీళ్లు తను పోసుకుంటే చాలనుకునేది.

ఈ కోరిక ఆమె ఎవరికీ చెప్పలేదు. అయినా కొడుకు ఎల్లేశానికి అర్థమైంది. గొర్రెలు తోలుకుని హైదరాబాదు పోయి వచ్చేవాడు. అక్కడ ఒక లాడ్జిలో దిగినప్పుడు, నల్లా తిప్పితే నెత్తి మీది నుంచి గోరువెచ్చని జల్లు పడింది. చెంబు లేదు, బకెట్టు లేదు. ఎల్లేశం ఒళ్లు తుడుచుకోకుండానే తల్లిని తలుచుకున్నాడట. ఆ తర్వాత కొన్నాళ్లకు పాత లాడ్జి ఒకటి పడగొడుతుంటే అక్కడి పెద్ద గీజరును కొని, జీపు మీద గొర్రెల ఖాళీ తడికెల నడుమ పడుకోబెట్టి ఇంటికి తెచ్చాడు. లోపల రాగి తొట్టి, చుట్టూ మందంగా దూది, పైన రేకు. తెల్లవారుజామున కరెంటు ఉన్నప్పుడు కాగబెడితే నీళ్లు పొద్దెక్కేదాకా వేడిగానే ఉంటాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని ఊరికి అది అచ్చంగా కుదిరింది.

దాన్ని బిగించడానికి చోటే మియాను పిలిచాడు. నార్కట్‌పల్లి నుంచి మోత్కూరు దాకా ఎక్కడ బోరు మోటారు కాలినా చోటే మియా సైకిలు అక్కడ కనిపించేది. షవరు మాత్రం అతను ఎన్నడూ బిగించలేదు, ఆ మాట ఎవరితోనూ అనలేదు. స్లాబు మీద నీళ్ల ట్యాంకు ఉంది. దాని నుంచి ఒక పైపు గీజరులోకి, ఇంకొక పైపు నేరుగా స్నానాల గదిలోకి లాగాడు. వేడినీళ్లూ చన్నీళ్లూ ఒకచోట కలిసేట్టు చేసి, అక్కడి నుంచి గోడ మీదికి గొట్టం ఎక్కించి, కొసకు షవరు తగిలించాడు.

"ఎంత ఎత్తుల పెట్టాలె భాయ్?" అని అడిగాడు.

ఎల్లేశం గోడకు ఆనుకుని నిటారుగా నిలబడి, చెయ్యి పైకెత్తి, "లాడ్జిల గిక్కడుండె" అన్నాడు. చోటే మియా అక్కడ బొగ్గుతో గీత గీశాడు. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న సైదమ్మను ఎవరూ ఏమీ అడగలేదు.

నల్లా తిప్పారు. షవరు కాసేపు ఆలోచించి నాలుగు ధారలుగా కారింది. ట్యాంకు స్లాబు మీదే కూర్చుని ఉంటే, షవరు స్లాబుకు కాస్త కిందనే ఉంటే, నీళ్లకు దూకాలన్న తొందర ఎక్కడి నుంచి వస్తుంది?

"మా మేకపోతు ఉచ్చ నయం" అంది సైదమ్మ.

చోటే మియాకు రోషం వచ్చింది. మోటారు లేకుండా నీళ్లు నడవడం అతనికి మొదటి నుంచీ నమ్మకం లేని వ్యవహారం. మర్నాడు సైకిలు వెనక చిన్న పంపు కట్టుకుని వచ్చాడు. గది బయట గోడ పక్కన బండ వేసి, పంపు అదరకుండా దాని కింద పాత లారీ టైరు ముక్కలు పరిచి కూర్చోబెట్టాడు. వేడినీళ్లూ చన్నీళ్లూ కలిసిన గొట్టాన్ని పంపులోకి తిప్పి, పంపు నుంచి షవరుకు పంపించాడు. స్విచ్చు వేస్తే పంపు దగ్గింది, గాలి మింగి గుర్రుమంది. ఆపేసి, మూత విప్పి, చెంబుతో నీళ్లు పోశాడు.

"బోరైనా గింతే, బాతురూమైనా గింతే పెద్దమ్మా. ముందుగాల దానికి తాపితేనే, అది మనకు పోస్తది."

రెండోసారి షవరులో నుంచి జల్లు బలంగా దూకి ఎదుటి గోడను కొట్టింది. ఎల్లేశం నవ్వాడు. లీలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సైదమ్మ అరచెయ్యి చాపింది. వెచ్చని నీళ్లు చేతి మీద గట్టిగా కొట్టి, వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు మంగళవారం. పొద్దున్నే లీలమ్మ వచ్చి, ఎత్తుగా ఉన్న స్విచ్చు వేసి, నల్లా తిప్పి, ఎప్పటిలాగే చెంబు కోసం వెతుక్కుని, అవసరం లేదని గుర్తొచ్చి బయటికి వెళ్లింది. సైదమ్మ లోపల గడియ పెట్టుకుంది. ఎన్నేళ్లకో ఆ గడియ చప్పుడు. స్నానపు బండ మీద కూర్చుంది. జల్లు నెత్తిన పడింది, మెడ మీదికి జారింది, పట్టేసిన భుజాల మీద వెచ్చగా పరుచుకుంది. సబ్బు చేతికి అందినంత మేర రుద్దుకుంది, అందని చోట నీళ్లకే వదిలేసింది. తొందర పెట్టేవాళ్లు లేరు, కళ్లు మూసుకోవాల్సిన పని లేదు. ఆమె సంతోషంతో తనలో తనే నవ్వుకుంది. అది ఏ వారమో, ఏ వేళో ఆమెకు గుర్తు లేదు. ఆ తర్వాత జరిగిన గోలంతా అందువల్లే జరిగింది.

మన వైపు ఆడవాళ్లు రోజూ ఒంటికి పోసుకుంటారు, తలకు మాత్రం వారానికొక రోజు పోసుకుంటారు. ఆ రోజు శుక్రవారమో శనివారమో అవుతుంది. మంగళవారం పొద్దున్నే ఒక పెద్ద మనిషి తల తడిసిందంటే చూసినవాళ్లకు ఒకటే అర్థం. చావు కబురు విని తలకు పోసుకుంది.

సైదమ్మ బయటికి వచ్చి గడప ముందు ఎండలో కూర్చుంది. తడి జుట్టు ముడేసుకుందామంటే చేతులు పైకి లేవవు. కోడలు పాలు పిండుతోంది. సరే ఆరనియ్యి అని జుట్టు విరబోసుకుని కూర్చుంది. సబ్బు నురగ పడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఎదురింటి ఉప్పలమ్మ వాకిలి ఊడుస్తూ తలెత్తింది. చీపురు అక్కడే పడేసింది. సైదమ్మ అన్న చెన్నయ్యకు బాగాలేదని, చిట్యాలలో ఇంటికే డాక్టరు వచ్చి పోతున్నాడని ఆమెకు తెలుసు. పద్ధతి తెలిసిన మనిషి కనుక ముందు ఇంట్లోకి పోయి తను కూడా తలకు రెండు చెంబులు గుమ్మరించుకుని, తడి చీరతోనే పరుగెత్తుకొచ్చి సైదమ్మ మెడ మీద పడింది.

"ఓ సైదక్కా, నీ అన్న చెన్నన్న ఎంత మంచోడే. గిట్ల ఇడిసిపెట్టి పాయెనా."

తనకు తెలియని కబురు ఉప్పలమ్మకు ఎవరో చెప్పి ఉంటారని సైదమ్మ అనుకుంది. అన్న. తనను భుజాన ఎక్కించుకుని మంద తిప్పిన అన్న. ఆమె ఉప్పలమ్మను పట్టుకుని బావురుమంది. సైదమ్మే ఏడుస్తుంటే ఇక కబురు నిజమేనని ఉప్పలమ్మ ఇంకా గొంతెత్తింది. వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కలిశారు. కొందరు తలకు పోసుకునే వచ్చారు. ఎల్లేశం ఎవరినీ అడగకుండా మోటారు సైకిలు తీసి చిట్యాలకు పోయాడు.

పాల చెంబు పట్టుకుని వచ్చిన లీలమ్మ ఒక్కతే అడగాల్సిన మాట అడిగింది.

"కబురెవలు తెచ్చిండ్రు?"

"సైదక్కకు వచ్చింది గదా" అంది ఉప్పలమ్మ.

"నాకేడికెళ్లి వస్తది? నువ్వే గద చెప్పినవ్" అంది సైదమ్మ.

"మరి నువ్వు తలకెందుకు పోసుకున్నవే?"

సైదమ్మ నోరు తెరిచింది. ఊరిని హడలెత్తించే నోరు అలా తెరిచి ఉండిపోవడం వాడకట్టు చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి ఎల్లేశం తిరిగొచ్చాడు. వెనక సీటు మీద చెన్నయ్య, మఫ్లరు చుట్టుకుని, కొంచెం దగ్గుతూ, నిక్షేపంగా ఉన్నాడు. చెల్లెలిని ఓదార్చడానికి తనే బయల్దేరాడట.

"నేనన్నం తినవట్టిన. నీ కొడుకొచ్చి నా మొఖం జూసి గుమ్మంలనే కూలవడ్డడు. నన్నెవలు సంపిండ్రు చెల్లే?"

"గా షవరు" అంది లీలమ్మ, నవ్వాపుకోలేక. చెన్నయ్య గొర్రెల చావిడి దాకా వినపడేట్టు నవ్వాడు. ఉప్పలమ్మ కూడా నవ్వింది గానీ, మంగళవారం తలకు పోయించినందుకు నాలుగు రోజులు తుమ్ముతూ సైదమ్మను తిట్టుకుంది.

సైదమ్మకు నవ్వు రాలేదు. బతికున్న అన్నకు ఏడ్చిన ఆడది అని వాడకట్టు చెప్పుకుంటుంది. అంతకంటే పెద్ద భయం ఒకటి ఉంది. అనకూడని మాట అన్న మీదికి తెచ్చింది తనే. ఆ షవరు కింద మళ్లీ కూర్చోనని చెప్పేసింది.

లీలమ్మ ఊరుకోలేదు. యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవరు కత్తిరించి, కడిగి, అత్త తలకు చుట్టి ముడేసింది. సైదమ్మ ఒక్కసారి కూర్చుని చూసింది. రేకుల పందిరి మీద వడగళ్లు పడ్డట్టు నెత్తి మీద ఒకటే మోత. దాన్ని ఓర్చుకోవచ్చు. కానీ ఆ కవరు కట్టేది ఎవరు? ఆమె చేతులు నెత్తి దాకా పోవు. చెంబు పట్టిన కోడలు కవరు పట్టింది, అంతే తేడా.

"తీసెయ్" అంది సైదమ్మ. "చెంబే తే."

మళ్లీ బకెట్టు, మళ్లీ చెంబు. "వేడి సరిపోయిందా అత్తా?" "ఊఁ." ఈసారి ఆ ఊఁ అనడం ఆమెకు ఇదివరకటి కంటే కష్టమైంది. రుచి తెలియకముందు ఒక బాధ, తెలిశాక ఇంకొక బాధ. గడియ చప్పుడు ఆమె చెవిలోంచి పోలేదు.

పంపు ఎలా ఆడుతోందో చూసిపోదామని చోటే మియా ఒక రోజు వచ్చాడు. ఆడటం లేదని విని అతని మొహం చిన్నబోయింది. టైరు ముక్కలు సరిచేశాడు, మూత విప్పి చూశాడు, స్విచ్చు వేస్తే పంపు బుద్ధిగా పలికింది.

"పంపుల ఏం తప్పు లేదు పెద్దమ్మా."

"పంపును నేనేమన్న అన్ననా?"

"మరి ఫికరేంది?"

సైదమ్మ గుమ్మానికి ఆనుకుంది. గోడ మీది షవరు వైపు చూసి అడిగింది. "చోటే మియా, చెలకల బోరు పైపు ఎంత ఎత్తుల ఉంటది?"

"గింత" అని అతను తన మోకాలి మీద కొంచెం పైన చెయ్యి పెట్టాడు. "కింద నీళ్ల హౌజులకు పడాలె గద."

"దాని కింద కూసుంటే నీళ్లు ఏడ పడతయి?"

"వీపు మీద."

"తల తడుస్తదా?"

చోటే మియా వెనక్కి తిరిగాడు. తల గోక్కుంటూ గోడ మీది బొగ్గు గీతను చూశాడు. ఇన్ని బోర్లకు పైపులు బిగించిన మనిషికి, ఈ ఒక్క పైపును ఎందుకు ఆకాశానికి ఎక్కించాడో తనకే అర్థం కాలేదు. "జర ముందుగాల చెప్తే అయిపోతుండె గద పెద్దమ్మా" అని గొణిగాడు.

"ముందుగాల నన్నెవలడిగిండ్రు? నువ్వు నా కొడుకునడిగినవ్. వాడు లాడ్జినడిగిండు."

ఎల్లేశం ఆ మాటకు తల వంచుకుని, సుత్తి తనే తెచ్చి ఇచ్చాడు.

గచ్చు పగలగొట్టి గొట్టం కిందికి దించారు. ఈసారి నిలబడి కొలిచింది ఎల్లేశం కాదు. సైదమ్మ చీరతోనే స్నానపు బండ మీద కూర్చుంటే, ఆమె భుజానికి రెండు వేళ్ల పైన చోటే మియా బొగ్గు గీత గీశాడు. షవరును కొంచెం ముందుకు వంచి బిగించాడు. నల్లాను ఆమె మోకాలి పక్కకు తెచ్చాడు. పంపు స్విచ్చును తడి తగలకుండా తలుపు బయట, ఆమె నడుం ఎత్తున పెట్టాడు. పక్కన తువ్వాలుకు ఒక మేకు కూడా అంతే ఎత్తున కొట్టాడు, ఎవరూ చెప్పకుండానే.

మర్నాడు సైదమ్మ స్విచ్చు తనే వేసింది. గడియ పెట్టుకుంది. జుట్టు ముడి మీద ఒక్క చుక్క పడకుండా వీపంతా, భుజాలంతా వెచ్చని నీళ్లు పారాయి. బయట లీలమ్మ అలవాటు కొద్దీ గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి, తర్వాత ఏం చెయ్యాలో తోచక పెరట్లోకి పోయి ఊరికే కూర్చుంది. పొద్దున్నే ఆమె అలా కూర్చోవడం ఇంట్లో ఎవరూ ఎరగరు. లోపలి నుంచి సైదమ్మ పాడుతున్న కూనిరాగం వినపడింది. పాట సగం మరిచిపోయింది గానీ ఆపలేదు.

శనివారం వచ్చింది. ఆ రోజు లీలమ్మ తలకు పోసుకునే రోజు. అందరి స్నానాలూ అయి, అందరి తిండీ అయ్యాక, మిగిలిన నీళ్లతో ఆమె వంతు. సైదమ్మ గోధుమలు చెరుగుతూ అటు చూసింది. తలుపు ఓరగా ఉంది. లీలమ్మ బండ మీద గొంతుక్కూర్చుని, నడుం దాకా ఉన్న జుట్టుకు కుంకుడు పులుసు పట్టించి, కళ్లు మూసుకుని, ఒక చేత్తో రుద్దుకుంటూ, ఇంకొక చేత్తో చెంబు కోసం తడుముకుంటోంది. చెంబు దొరికేసరికి నురగ కళ్లలోకి దిగింది. చేత్తో తుడుచుకుని మళ్లీ తడుముకుంది. ఇన్నేళ్లూ ఇలాగే పోసుకుని ఉంటుంది. కొత్త షవరు పక్కనే ఉన్నా, అది అత్తదని ముట్టుకోలేదు.

సైదమ్మ చాట పక్కన పెట్టి లేచింది. స్విచ్చు వేసి లోపలికి వెళ్లింది.

"గా చెంబు అవతల పెట్టు. దీని కిందికి జరుగు."

"నేను పోసుకుంట అత్తా. నాకు చేతులున్నయి."

"నాకూ ఉన్నయి. నడుం దాకా మంచిగనే పనిచేస్తయి. తల వంచు."

లీలమ్మ జరిగి, మోకాళ్ల మీదికి వంగి తల ముందుకు పెట్టింది. సైదమ్మ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని నల్లా తిప్పింది. కింది నుంచి ఎత్తాల్సిన పని లేదు, పైకి చాపాల్సిన పని లేదు. ఆమె చెయ్యి అందినంత ఎత్తులోనే నీళ్లు ఉన్నాయి, కోడలి తలా ఉంది. వేళ్లతో జుట్టు పాయలు విడదీసి కుంకుడు పులుసంతా కడిగింది. జడ మధ్యలో రెండు తెల్ల వెంట్రుకలు కనిపించాయి. ఈ పిల్లకు ఎప్పుడు నెరిసిందో తను చూడనే లేదని ఆమెకు బాధ కలిగింది.

వేలు నీళ్లలో పెట్టి చూసి, నల్లాను కొంచెం ఇటు తిప్పింది.

"వేడి సరిపోయిందా బిడ్డా?"

లీలమ్మ తలను ఇంకొంచెం జల్లు కిందికి జరిపింది. జుట్టులో నురగ ఎప్పుడో పోయింది. నీళ్లు తేటగా కారుతున్నాయి.

"సరిపోయింది అత్తా" అంది చివరికి, తలెత్తకుండానే. "జర సేపు గట్లనే ఉండనియ్యి."

సైదమ్మ నల్లా మీది నుంచి చెయ్యి తీసి, కోడలి వీపు మీద పెట్టింది.